తోకరాజు కుడిచెయ్యి

ముక్కుతాత ముక్కు ఎంత పొడుగంటే, సాయంత్రం పిల్లల కార్యక్రమం మొదలయ్యేసరికి ముక్కొక్కటే టీవీలోకి వచ్చేసేది. మిగిలిన తాత ప్రకటనలన్నీ అయ్యాక తీరిగ్గా వచ్చేవాడు. ఆ ముక్కు తగిలి కెమెరా అద్దం పగిలిందని ఒకరు, కాదు, కెమెరా వెనకున్న మనిషి మీసం ఊడిందని మరొకరు చెబుతారు. రెండూ నిజమే అయ్యుంటాయి.

గుడ్డతో, దూదితో చేసిన ఆ తాతలో చెయ్యి దూర్చి ఆడించేవాడిని, గొంతు అరువిచ్చేవాడిని స్టూడియోలో అందరూ మాస్టారు అనేవారు. మాస్టారి జుట్టు నెరిసింది గానీ గర్వంలో ఒక్క వెంట్రుకా నెరవలేదు. రోజూ ముక్కుతాత ముక్కుతో కిటికీ నెట్టి తెరిచి “పిల్లలూ!” అంటేనే కార్యక్రమం మొదలు. ఆ కిటికీ తన తాతముత్తాతల ఆస్తి అన్నట్టు ఉండేవాడు మాస్టారు.

అంత మనిషికీ కడుపులో మంట రేగింది. రాజేసింది సొంత బావమరిది.

వాడిని ఈ పనిలో పెట్టిందీ మాస్టారే. తమ్ముడికి ఏదైనా దారి చూపించమని భార్య చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతుంటే, తెర లాగే పని ఇప్పించాడు. వాడు తెర లాగుతూ లాగుతూ గొంతులు మార్చడం పట్టేశాడు. ఇప్పుడు డైరెక్టరమ్మ వాడికి ఏకంగా కొత్త బొమ్మనే ఇచ్చింది. పేరు తోకరాజు, జాతి కోతిపిల్ల. శుక్రవారం మొదటిసారి తెర మీదకి రావాలి. అదీ ఎదురుగా పిల్లల్ని కూర్చోబెట్టి, ప్రత్యక్ష ప్రసారంలో. “పిల్లలకి నచ్చితే ఇక మీదట కిటికీ తోకరాజే తెరుస్తాడు,” అని కూడా అనేసిందావిడ.

పుండు మీద కారం ఏమిటంటే, బొమ్మలు కుట్టేది మాస్టారి భార్యే. మెత్తటి మఖమలు ఒళ్ళో పోసుకుని కోతిపిల్లకి బొజ్జ కుడుతోంది.

“ఈ గుడ్డ నా తాత కోటుకని దాచమన్నాను కదటే?”

“తాత కోటుకి మఖమలెందుకండీ? ఆ ముక్కు చూసేసరికే జనానికి పొద్దుపోతుంది. కోటు దాకా ఎవరొస్తారు?”

“మోచేతుల దగ్గర అతుకులు కనబడుతున్నాయి.”

“మీ చొక్కాకీ కనబడుతున్నాయి. నేనేమన్నా అన్నానా?”

మాస్టారు కోతిపిల్ల తలని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. ముద్దొస్తోంది. అదే అతనికి నచ్చలేదు.

“చెవులు మాత్రం మీ తమ్ముడివే దింపేశావు.”

“వాడి చెవులకేం, బంగారంలా ఉంటాయి. ఇలా తెండి, దాని పీక నులిమేలా ఉన్నారు.”

ఆ స్టూడియోలో ఒక ఆనవాయితీ ఉంది. ముక్కుతాతకి చేతులు కదలవు గానీ, చేతులాడే బొమ్మకి ఇద్దరు మనుషులు కావాలి. తలనీ ఎడమచేతినీ ఒకరు ఆడిస్తే, కుడిచెయ్యి రెండోవాళ్ళది. కొత్త బొమ్మ మొదటిసారి తెర మీదకి వచ్చే రోజున ఆ కుడిచెయ్యి అందరిలోకీ పెద్దవాడు ఆడించాలి. దీవెన లాంటిదన్నమాట. ఈ పద్ధతి పెట్టింది కూడా మాస్టారే. వచ్చినవాడల్లా తన చెయ్యి పట్టుకునే రావాలని అప్పట్లో ముచ్చటపడ్డాడు. ఇప్పుడా ముచ్చటే మెడకి చుట్టుకుంది.

‘సరే, దీవిస్తాను,’ అనుకున్నాడు మాస్టారు. ‘చెయ్యి చచ్చినట్టు వేలాడేస్తాను. అవిటి కోతిని ఎవరు నెత్తిన పెట్టుకుంటారో చూస్తాను.’

శుక్రవారం వచ్చింది. రంగులేసిన అట్టగోడకి అటు పిల్లలు, ఇటు చక్రాల పీటల మీద బావా బావమరుదులు. చేతులు పైన, కళ్ళు నేల మీదున్న చిన్న టీవీలో. ముక్కుతాత కిటికీ తెరిచి, “ఎవరో కోతిట, వస్తోంది. నాకు నిద్రొస్తోంది,” అని రెండు ముక్కల్లో తేల్చేసి దిగిపోయాడు. మాస్టారు తాతని పక్కన పెట్టి తోకరాజు కుడి చేతిలోకి తన చెయ్యి దూర్చాడు. ఒక్క బొమ్మలో ఇద్దరు మగాళ్ళు ఇరుక్కుంటే ఎలా ఉంటుంది? బావమరిది తలనూనె అంతా మాస్టారి చెంపకే అంటింది.

“బావా, నీ చెయ్యి ఉంటే నాకు భయం లేదు,” అని వాడు గుసగుసలాడాడు. మాస్టారికి జాలి వెయ్యబోయింది. వెయ్యనివ్వలేదు.

తోకరాజు తలెత్తాడు. ఎడమచెయ్యి ఊపాడు. కుడిచెయ్యి మాత్రం తడి తువ్వాలులా వేలాడింది. పిల్లల్లో సద్దు లేదు. “దాని చెయ్యి ఊడిపోయిందా?” అని ఎవరో చంటిది అడిగింది.

“బావా, కదుపు!”

మాస్టారు కదపలేదు. బావమరిది చెమట టపటపా రాలింది. తోకరాజు మెల్లగా తిరిగి తన చేతిని తనే చూసుకున్నాడు.

“ఓర్నీ! పిల్లలూ, నా చెయ్యి నిద్రపోయింది! పొద్దుటినుంచీ లేపుతున్నా, లేవదే! మీరు లేపుతారా?”

“లే చెయ్యీ! లే!”

ఆ కేకలకి స్టూడియో కప్పు జానెడు లేచి, కాస్త వంకరగా కూచుందట. ఇన్నేళ్ళూ మాస్టారు కెమెరా గాజుకన్నుకే ఆడాడు. నవ్వే పిల్లలు ఎక్కడో ఇళ్ళల్లో ఉండేవారు. గోడకి అటువైపు నుంచి ఇలా పిలిచినవాళ్ళు లేరు. వద్దు వద్దని అతను పళ్ళు బిగించి ఆపుతూనే ఉన్నాడు, చెయ్యి వినలేదు. చిటికెన వేలు కదిలింది. తర్వాత ఉంగరం వేలు. పిల్లలు కెవ్వుమన్నారు. చెయ్యి ఒళ్ళు విరుచుకుంది, బుర్ర గోక్కుంది, ఆపైన కడుపులో ఉన్న కుళ్ళంతా పోగేసుకుని తోకరాజు చెవి పట్టి మెలేసింది.

“అమ్మో! లేవగానే నా చెవే దొరికిందటే నీకు?” అని గగ్గోలు పెట్టాడు తోకరాజు.

పిల్లలు కిందపడి దొర్లారు.

ఆట అయిపోగానే అందరూ గోడ మీదకి ఎగబడ్డారు. ఎవరికీ తల అక్కర్లేదు, చేతినే పట్టుకుని ఊపారు, చేతికే ముద్దులు పెట్టారు. అడుగున కూచున్న మాస్టారి అరచేతికి చిన్న చిన్న చేతుల జిగురు తగులుతోంది. టీవీలో మాత్రం తోకరాజు మొహం వెలిగిపోతోంది. ఆ ముద్దులన్నీ తన తాతవి కావాల్సినవి. ఎవడు కాజేశాడా అని చూస్తే సొంత కుడిచెయ్యి! మనిషి తన చేతి మీదే పళ్ళు కొరకడం లోకంలో అదే మొదలేమో.

డైరెక్టరమ్మ పరుగున వచ్చింది. “చెయ్యి అదిరిపోయింది! తల కూడా పర్వాలేదు.”

“పర్వాలేదా?” అని మొహం మాడ్చుకున్నాడు బావమరిది. ఆ మాడిన మొహం చూశాక మాస్టారికి ప్రాణం కాస్త లేచొచ్చింది.

“సోమవారం నుంచి కిటికీ తోకరాజుదే. ఆ చెయ్యి మీరే ఆడించాలి మాస్టారూ. ముక్కుతాతని ఇంకెవరికైనా ఇద్దామా?”

“ఎందుకమ్మా? నాకు ఎడమచెయ్యి లేదా?”

సోమవారం కుడిచెయ్యి తోకరాజులో, ఎడమచెయ్యి ముక్కుతాతలో పెట్టుకుని, మెలికలు తిరిగి కూచున్నాడు మాస్టారు. తోకరాజు కుడిచెయ్యి కిటికీ గడియ మీద పడింది. వెనకనున్న ముక్కుతాత ఆ చేతికేసి ఒక చూపు చూశాడు. కెమెరా అతను ముక్కున వేలేసుకున్నాడు. డైరెక్టరమ్మ వంగి, “గుడ్డబొమ్మ కళ్ళల్లో అంత అసూయ ఎలా పలికించారండీ?” అని గొణిగింది.

మాస్టారు తాతని కాస్త ముందుకి జరిపి, ముక్కుతో ఆ చేతిని గడియ మీంచి పక్కకి నెట్టేశాడు.