పెదాలాడిస్తే చాలు

త్రిమూర్తులు కంచం ముందు కూర్చున్నాకే అప్పడం వేయించాలి. ముందే వేయిస్తే మెత్తబడిపోతుందట. ఇరవయ్యారేళ్లుగా ఆ ఇంట్లో ఇదే చట్టం. అందుకే నూకరత్నం ఒక చేత్తో అప్పడం తిప్పుతూ రెండో చేత్తో ఫోనెత్తింది.

"ఆంటీ, మీ సీను వీడియో పంపానండి. మీరు వద్దంటే సాయంత్రంలోగా వేరే డైలాగు డబ్బింగ్ చెప్పించేస్తాను. ఉంచమంటే అలాగే ఉంచేస్తాను," అంది దీవెన. సినిమా తీస్తున్న అమ్మాయి. ముప్పయ్యేళ్లు కూడా లేవు గానీ మాట మాత్రం ఖచ్చితం.

చూసి చెబుతానని నూకరత్నం ఫోను పెట్టేసింది. ఆ సీనులో మాటలు సొంతంగా అనేసింది తనే మరి!

నరసాపురం నుంచి వెళ్లొస్తూ, గోదావరి గట్ల మీద తీసిన సినిమాల్లో ముప్పై దాకా వేషాలు వేసింది. హీరోకి మేనత్త, హీరోయిన్‌కి తల్లి, పెళ్లింట్లో పెద్దమ్మ. ఏ వేషమైనా చేసేది వడ్డించడం, కళ్లు తుడుచుకోవడం. "ఇంట్లో చేసేదేగా, దానికి మళ్లీ డబ్బులిస్తారా!" అని నవ్వేవాడు త్రిమూర్తులు. చుట్టాలతో అయితే "మా ఆవిడకి కాలక్షేపమండి" అనేవాడు. తెల్లారగట్ల లేచి, ఆయనకి రెండు పూటలకీ వండిపెట్టి, పరుగున బస్సెక్కే కాలక్షేపం!

ఆ ముప్పై సినిమాల్లో ఒక్కదాంట్లోనూ ఆమె గొంతు లేదు. "మీ యాస వద్దమ్మా. ఊరికే పెదాలాడించండి చాలు, తర్వాత ఎవరిచేతో చెప్పిస్తాం," అనేవారు. చిన్న వేషాలవాళ్లకి డైలాగు కాగితం కూడా ఇవ్వరు. ఒకటి, రెండు, మూడు అని అంకెలు చదవమంటారు. కొన్నాళ్లు బుద్ధిగా అంకెలే చదివింది. ఒకసారి అంకెలకి ఏడుపు రాక, కడుపులో ఉన్న మాటేదో అనేసింది. ఎవరూ పట్టించుకోలేదు సరికదా, షాట్ ఓకే అన్నారు. ఇక అదే అలవాటైపోయింది. అత్తగారితో అనలేనివీ, మొగుడితో అనలేనివీ కెమెరా ముందు అనేసి, తేలికపడి ఇంటికొచ్చేది.

పోయిన నెల పట్టిసీమ రేవులో దీవెన సినిమాకీ అదే చేసింది. ఈ సినిమాలో గొంతులు కూడా అక్కడికక్కడే రికార్డు చేస్తున్నామని దీవెన పొద్దున్నే అందరికీ చెప్పిందట. ఆ సమయంలో నూకరత్నం ఓ పక్కన నిలబడి, ఆవకాయ జాడీ ఏ అలమరలో ఉందో త్రిమూర్తులుకి ఫోనులో చెబుతోంది.

"ఏంటే, కొత్త సినిమానా? ఏదీ, ఇలా పెట్టు," అన్నాడు త్రిమూర్తులు అన్నం కలుపుతూ.

నూకరత్నం వీడియో తెరిచింది. ఫోను నీళ్లచెంబుకి ఆనించి పెట్టింది. రేవు మెట్ల మీద నూకరత్నం, ఎదురుగా మొగుడి వేషం వేసినాయన.

"మా నాన్న పోయారని కబురొస్తే, వచ్చినవాళ్లకి వడ్డించి మరీ వెళ్లమన్నారు కదండీ. ఏడుపు మింగుకుంటూ పులుసు పోశాను. నేను వెళ్లేసరికి ఎత్తేశారండీ. కడచూపు దక్కలేదు నాకు."

నూకరత్నం అట్లకాడ గట్టిగా పట్టుకుని నిలబడిపోయింది. కంచం విసిరేస్తాడా? లేక ఇన్నాళ్లకి తప్పయిందంటాడా? ఆ రోజు ఆయన మనసులోనూ ముల్లులా ఉండిపోయిందనీ, అందుకే ఆ మాట ఎత్తడనీ పద్నాలుగేళ్లుగా తనకి తాను చెప్పుకుంటూ వచ్చింది.

"అబ్బా! ఈ డబ్బింగ్ చెప్పినావిడ ఎవరే? ప్రాణం పెట్టేసింది!" అన్నాడు త్రిమూర్తులు. "ఆ మొగుడెవడో గానీ మనిషేనా అసలు? ఊఁ, కాస్త పులుసు పొయ్యి."

ఆయనకి గుర్తే లేదు. నూకరత్నానికి ఒళ్లు మండిపోయింది. ఏడుపు మాత్రం రాలేదు. స్టవ్ కట్టేసి, పులుసు గిన్నె జోలికి పోకుండా ఫోను తీసుకుని దీవెనకి కలిపింది.

"దీవెనా, ఉంచేయమ్మా. ఒక్క ముక్క కూడా మార్చకు," అంది, ఆయన వైపే చూస్తూ. "చివర్లో పేర్లేస్తారు చూడు, అక్కడ గొంతు కూడా నాదేనని వెయ్యి. మా ఆయన అడుగుతున్నారు, ఎవరిదని."