ముప్పై ఆరు కొక్కేల పలక

నేను ఒక పలకను. బడిపిల్లలు బలపంతో రాసే పలకను కాను, మద్ది చెక్కతో చేసి గోడకు తగిలించిన పలకను. నా ఒంటి మీద అడ్డంగా ఆరు, నిలువుగా ఆరు, మొత్తం ముప్పై ఆరు ఇత్తడి కొక్కేలున్నాయి. శ్రీకాకుళం బస్టాండు దగ్గర ఒక లాడ్జివాళ్ళు గదుల తాళంచెవులు తగిలించుకోవడానికి నన్ను చేయించారు. కొక్కెం ఖాళీగా ఉందంటే ఆ గదిలో ఎవరో దిగారని లెక్క, యజమాని ముఖం వెలిగిపోయేది. అలా ఖాళీ కొక్కెం అంటే శుభమని నా బుర్రలో నాటుకుపోయింది. ఆ చదువే తర్వాత ఒక కండక్టరమ్మ కొంప ముంచబోయింది.

లాడ్జి మూతపడ్డాక సామాన్లు వేలం వేశారు. అందరూ మంచాలు, ఫ్యాన్లు పాడుకుంటుంటే, నలిగిన చొక్కా వేసుకున్న ఒక పెద్దమనిషి నా ముందు నిలబడి కొక్కేలు లెక్కపెట్టాడు. ఆయన వరహాలరావు మాస్టారు, డిగ్రీ కాలేజీలో తత్వశాస్త్రం చెబుతారు. "ఆరు సెమిస్టర్లు, సెమిస్టరుకి ఆరు పేపర్లు. దేవుడు పంపినట్టే ఉంది," అన్నారు. దేవుడు ఉన్నాడా లేడా అని ఏటా మూడు వారాలు పాఠం చెప్పే మనిషి ఆ మాట అనడం నాకు నచ్చింది.

డిపార్ట్‌మెంటు గోడకెక్కాను. తాళంచెవుల చోట, వరుసకో సెమిస్టరు లెక్కన, పెళ్ళిపత్రికల అట్ట కత్తిరించిన చీటీలు వచ్చాయి. ఒక్కో చీటీ మీద ఒక్కో పేపరు పేరు: భారతీయ దర్శనాలు, పాశ్చాత్య దర్శనాలు, నీతిశాస్త్రం, తర్కశాస్త్రం, ఇలా. కొత్తగా చేరినవాళ్ళు నన్ను చూసి, ఏ సెమిస్టరులో ఏది చదవాలో రాసుకుని ఆఫీసులో ఫారాలు నింపాలి. అదీ ఏర్పాటు.

ఆ డిపార్ట్‌మెంటులో ఉన్నదే ఇద్దరు. రెండో ఆవిడ ఖైరున్నీసా మేడం. ఇద్దరూ మంచివాళ్ళే, ఒకరి టిఫిన్ బాక్సు ఒకరు పంచుకుంటారు. ఒక్క విషయంలో మాత్రం పడదు. తర్కం రాకుండా నీతి గురించి మాట్లాడితే అది ఉపన్యాసం అవుతుంది తప్ప చదువు కాదని మాస్టారి వాదన. పిల్లలకు బతుకు ప్రశ్న ఒకటి ముందు పుట్టాలి, ప్రశ్న పుట్టకుండా తర్కం చెబితే బెంచీల మీద కునుకు తీస్తారని మేడం వాదన. వాదించి వాదించి విసిగిపోయి, ఆ సంగతి మాట్లాడుకోవడమే మానేశారు. పొద్దున్నే మాస్టారు వచ్చి తర్కం చీటీని మొదటి వరుసలో తగిలించి, నీతిని మూడో వరుసకు పంపేవారు. పదకొండింటికి మేడం వచ్చి రెండింటినీ మళ్ళీ తారుమారు చేసేవారు. ఒకరినొకరు ఏమీ అనేవారు కాదు. రోజుకు రెండుసార్లు నాకు ఈ చక్కిలిగింత తప్పేది కాదు.

చేరికల రోజున ఇదే జరుగుతోంది. మేడం నీతిని మొదటి వరుసలో పెట్టి వెళ్ళారు. మాస్టారు మళ్ళీ వచ్చి మూడో వరుసలోంచి తర్కం చీటీ తీశారు. తీశారో లేదో, ప్రిన్సిపాల్ పిలుస్తున్నారని కబురొచ్చింది. చీటీ జేబులో వేసుకుని వెళ్ళిపోయారు.

సరిగ్గా అప్పుడే వచ్చింది బెవర గుణవతి. ముప్పై నాలుగేళ్ళ మనిషి, ఖాకీ చొక్కా, భుజాన టికెట్ల సంచీ. పాలకొండ రూటులో కండక్టరు. ఇంటరు తర్వాత ఆగిపోయిన చదువు మళ్ళీ మొదలుపెట్టింది. రోజంతా బస్సులో మనుషుల పోట్లాటలు తీర్చి తీర్చి, న్యాయం అంటే అసలేమిటో తెలుసుకోవాలనిపించి ఈ సబ్జెక్టు ఎంచుకుందట. డిపో మేనేజర్ని కాళ్ళావేళ్ళా పడి బతిమాలితే, మూడేళ్ళపాటు పొద్దుటి డ్యూటీ వేస్తానని ఒప్పుకున్నాడు. మూడేళ్ళు దాటితే మామూలే, ఏ ఊళ్ళో తెల్లారుతుందో తెలియని డ్యూటీలు.

డ్యూటీ కాగితం వెనక ఆమె నన్నంతా రాసుకుంది. మూడో వరుసలో ఖాళీ కొక్కెం చూసి ఒక్క క్షణం ఆగింది. "ఇది మనకి నచ్చింది పెట్టీసుకోమని కాబోలు," అనుకుని జర్నలిజం రాసుకుంది. నేను చూస్తూ ఊరుకున్నాను. ఖాళీ కొక్కెం శుభమే కదా అనుకున్నాను. ఆ తప్పు నాదీ. సాయంత్రం మాస్టారు చీటీని మళ్ళీ తగిలించేసరికి ఫారాలన్నీ ఆఫీసు చేరిపోయాయి.

మొదటి సెమిస్టరులో ఆ బ్యాచి నుంచి తర్కానికి ఒక్క పేరూ రాలేదు. సరే, మేడం మాటే నెగ్గింది, మూడులో పెట్టించుకుంది అనుకుని మాస్టారు లోలోపల అలిగారు. మూడో సెమిస్టరులోనూ ఒక్క పేరూ రాలేదు. ఓహో, మొదటి సెమిస్టరులోనే మాస్టారు చెప్పేసినట్టున్నారు అని మేడం మూతి ముడుచుకున్నారు. ఇద్దరి ఊహా తర్కానికి నిలిచేదే. ఒకరినొకరు అడగడం ఒక్కటే ఇద్దరికీ తట్టలేదు.

మూడో ఏడు జనవరిలో ఆఫీసు గుమస్తా గుణవతిని పిలిచి, "తర్కశాస్త్రం లేదమ్మా నీకు. అది లేకపోతే డిగ్రీ ఇవ్వరు. మళ్ళీ జూన్లోనే," అన్నాడు. ఏప్రిల్‌తో ఆమె పొద్దుటి డ్యూటీ అయిపోతుంది. జూన్ అంటే ఆమెకు ఎప్పటికీ లేనట్టే.

డిపార్ట్‌మెంటు గదిలోనే మాస్టారి క్లాసు నడుస్తోంది, మేడం తన బల్ల దగ్గరున్నారు. గుణవతి నా ముందుకొచ్చి నిలబడింది. టికెట్టు తీసుకోని ఎంత మొండివాడినైనా దించగలిగే మనిషి, నా మూడో వరుస కొక్కేన్ని గట్టిగా పట్టుకుంది. "ఏటండి మాస్టారూ ఇది! మూడేళ్ళు డ్రైవరు చేత తిట్లు తిని, బస్సు దిగీసి పరిగెట్టుకొచ్చీదాన్ని. ఇప్పుడు లేదంటే నానేటయిపోవాలి?" అంది. నా కొక్కేలు ఊడి కింద పడితే బాగుండుననిపించింది.

వెనక బెంచీలో ఉన్న ఢిల్లేశ్వరరావు అనే కుర్రాడు మెల్లగా లేచాడు. "అక్కా, కోప్పడకు. నీ రాత బాగుంటాదని మేమందరం నీ కాగితం చూసే ఫారాలు నింపీసినాం. నాకూ లేదు తర్కం."

క్లాసులో పదకొండు మంది. పదకొండు మందికీ లేదు. గుణవతి తల పట్టుకుంది. తన బతుకే కాదు, ఇంతమంది పిల్లల బతుకులు చెడగొట్టానని ఏడ్చేసింది. ఖైరున్నీసా మేడం మాత్రం చటుక్కున లేచారు. "ఏడవకు గుణవతీ. పది మంది రాసిస్తే ఏ పేపరైనా ఏ సెమిస్టరులోనైనా నడపొచ్చని మన కాలేజీ నియమం. నువ్వొక్కదానివే తప్పు చేసి ఉంటే మునిగిపోయేదానివి," అన్నారు.

అర్జీ రాశారు. ప్రిన్సిపాల్ చదివి, పిల్లల అజాగ్రత్తకు కాలేజీ ఎందుకు తిప్పలు పడాలన్నాడు. పొరపాటు ఎవరిదో రాతపూర్వకంగా తేలితేనే చూస్తానన్నాడు. ఆ అర్జీ తిరిగొచ్చి నా కిందున్న బల్ల మీద పడింది. పదవీ విరమణకు ఏడాది ఉన్న మనిషి వరహాలరావు మాస్టారు. మాట పడడం ఇష్టం ఉండదు. అయినా కలం తీసి రాశారు: "చేరికల రోజున చీటీ నా జేబులో ఉండిపోయింది. తప్పు నాది." మేడం ఆ కాగితం లాక్కుని కింద ఇంకో వాక్యం చేర్చారు: "మూడేళ్ళలో ఒక్కసారి కూడా ఈయన్ని అడగలేదు. తప్పు నాది కూడా." ముప్పై ఏళ్ళుగా మనుషుల్ని చూస్తున్నాను. ఇంత చిన్న వాక్యాలు రాయడానికి వాళ్ళకు ఎంత చదువు కావాలో ఆ రోజే తెలిసింది.

ప్రిన్సిపాల్ సంతకం పెట్టాడు. గుణవతి బస్సు వచ్చే టైము చూసి మధ్యాహ్నం రెండున్నరకు క్లాసు పెట్టారు. ఒకరు చెప్పేదాని మీద ఇంకొకరికి నమ్మకం లేక ఇద్దరూ ప్రతిరోజూ వచ్చేవారు. మాస్టారు సూత్రం రాసేవారు, మేడం దానికి బతుకులోంచి ప్రశ్న వేసేవారు. గుణవతి బస్సులోంచి ఉదాహరణ ఇచ్చేది. "స్టూడెంటు పాసు ఉన్నవాళ్ళందరూ స్టూడెంట్లే అంటే, పాసు లేనోడు స్టూడెంటు కాడని అనీగలమా మాస్టారూ?" అని అడిగితే, ఆ పూటంతా దాని మీదే గడిచింది. అంత సందడైన క్లాసు నేను చూడలేదు.

పదకొండు మందీ పాసయ్యారు.

మొన్న జూన్లో కొత్త పిల్లలు చేరారు. మార్కుల జాబితా తీసుకోవడానికి వచ్చిన గుణవతిని, పిల్లలకు కోర్సు ఏర్పాటు నువ్వే చెప్పమ్మా అని ఇద్దరూ నా ముందు నిలబెట్టారు. ఆమె నా మీద చెయ్యి వేసి, బస్సులో చెప్పే గొంతుతోనే చెప్పింది.

"ఈ పలకని నమ్మీసి ఊరుకోకండి. దీన్ని చూడండి, చూసీసి మాస్టార్ని అడగండి, మేడంని అడగండి. ఇద్దరూ చెరో మాటా చెప్తే మళ్ళీ అడగండి. ఒక్క మాట అడక్క నాను డిగ్రీ పోగొట్టీసుకోబోయాను."

నా గురించి అంత నిజం ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు. కోపం రావాలి, రాలేదు. మూడేళ్ళు తత్వశాస్త్రం చదివిన మనిషి చెప్పాల్సిన మాట అదే అనిపించి, పొంగిపోయాను.

ముందు బెంచీలో రెండు జడల పిల్ల చెయ్యెత్తింది. "నీతిశాస్త్రం ముందు ఎందుకు పెట్టారు మేడం?"

మాస్టారూ, ఖైరున్నీసా మేడమూ ఒకేసారి నోరు తెరిచి, ఒకరినొకరు చూసుకుని మూసుకున్నారు. మేడం అని ఎవరిని పిలుస్తోందా అని గుణవతి వెనక్కి తిరిగి చూసింది. వెనక నేను తప్ప ఎవరూ లేరు. ఖాకీ చొక్కా సర్దుకుని, సంచీ బల్ల మీద పెట్టి, ఆ పిల్ల పక్కన బెంచీ మీద కూర్చుంది.

"మంచి ప్రశ్నమ్మా," అని మొదలుపెట్టింది.