అక్క దద్దుర్లు

మంగళవారం పొద్దున నా ఎడమ మోచేతి మీద మా అక్క దద్దుర్లు లేస్తాయి. అక్క జ్వరంతో పోయి ఎన్నాళ్లో కాలేదు. చూడగానే గుర్తుపడతాను. అవే ఉబ్బులు, అంచున అదే తెల్లటి గీత. రొయ్యలు తిన్నప్పుడల్లా దానికి ఇలాగే వచ్చేవి. నేను రొయ్యలు తినలేదు.

వేపాకు నీళ్లతో కడుగుతాను. తగ్గవు. కాకినాడలో చర్మం డాక్టరు ఎస్తేరు గారి దగ్గరికి వెళ్తాను. ఆవిడ నా చేతి మీద స్టెతస్కోపు పెట్టి కాసేపు వింటారు. తర్వాత వంగి "ప్రసూనా" అని నా పేరు పిలుస్తారు. చర్మం కదలదు. ఇంట్లో ఇంకెవరికైనా ఇలా వచ్చేవా అని అడుగుతారు. అక్క పేరు చెబుతాను. "వకుళా" అని పిలుస్తారు. దద్దుర్లన్నీ ఒక్కసారిగా ఎర్రబడతాయి.

"ఇవి మీవి కావండి," అంటారు చేతులు కడుక్కుంటూ.

"మందు రాస్తే పోతాయా?"

"పోతాయి. మళ్లీ రావు. అందుకే ఆలోచించుకుని రాయండి."

ఇంటికొచ్చేసరికి అమ్మ వంటింటి గుమ్మంలో కూర్చుని ఉంటుంది. అక్క పోయినప్పటి నుంచి ఎవరితోనూ సరిగా మాట్లాడటం లేదు. నా చెయ్యి చూసి లేచి వస్తుంది. ఉబ్బుల మీద వేలితో నెమ్మదిగా నిమురుతుంది.

"ఎప్పుడొచ్చావే?" అని అడుగుతుంది, నన్ను కాదు.

ఆ పూట అమ్మ కడుపునిండా అన్నం తింటుంది. నా చెయ్యి ఒళ్లో పెట్టుకుని దానికి ఊళ్లో కబుర్లన్నీ చెబుతుంది. మందు రాయొద్దని నన్ను బతిమాలుతుంది. డాక్టరు గారిచ్చిన మందు ట్యూబు బీరువాలో పెట్టేస్తాను.

దద్దుర్లు భుజం ఎక్కుతాయి, వీపు మీదికి దిగుతాయి. దురదకి నాకు నిద్ర ఉండదు. మెడ దాకా వచ్చాక అమ్మ నాకు అక్క చీరలు తీసి ఇస్తుంది. చెంపలు ఎర్రబడ్డాక నా పేరు పిలవటం మానేస్తుంది. పక్కింటివాళ్లు వచ్చి, ప్రసూన పోయినందుకు అమ్మను ఓదారుస్తారు. అమ్మ తల ఊపుతుంది. నేను వాళ్లకి మంచినీళ్లు ఇస్తాను.

వాళ్లు వెళ్లాక గోడకు ఆనుకుని కూలబడతాను. "అమ్మా, నేను ప్రసూనని. ఇంక నావల్ల కాదు."

అమ్మ చాలాసేపు నా మొహంలో వెతుకుతుంది. కనురెప్ప మీద ఎరుపు లేని చోటు ఒకటి దొరుకుతుంది. అక్కడే చూస్తూ ఏడుస్తుంది. లేచి వెళ్లి ట్యూబు తెస్తుంది.

"నేనే రాస్తాను. వేరేవాళ్లు రాస్తే దానికి మంట."

ఊదుతూ రాస్తుంది. ఆమె వేళ్ల ముందు ఎరుపు జరిగిపోతూ నా వీపు మీంచి గోడలోకి దిగుతుంది. నా ఒళ్లు చల్లబడుతుంది. సున్నం ఉబ్బుతుంది. వరండా, అరుగు, పిట్టగోడ అన్నీ దద్దుర్లెక్కుతాయి. ఇల్లు దురదతో వణుకుతుంది.

మందు అయిపోయింది. ఇద్దరం బయటికొచ్చి గోడలకి కొబ్బరినూనె రాస్తాం. ఎండ వాలేవరకు అమ్మ ఊదుతూనే ఉంటుంది. ఉబ్బులు మెత్తబడతాయి. కిటికీలు ఒక్కొక్కటే మూసుకుంటాయి.

"ప్రసూనా, అక్క ఇప్పుడే పడుకుంది. మెల్లగా," అంటుంది అమ్మ.

ఇల్లు నిట్టూర్చి అటు ఒత్తిగిల్లుతుంది. మా కాళ్ల కింది వీధిని దుప్పటిలా లాక్కుని మెడ దాకా కప్పుకుంటుంది. వీధి లేని చోట అమ్మా నేనూ చేతులు పట్టుకుని, పాదాలు కదపకుండా నిలబడతాం.