ఏడ్వని పిల్లగాడు

రూతుకు అన్నిటికంటే పెద్ద భయం ఒక్కటే: తను చచ్చిపోతే కొడుకు వెతుక్కోడేమోనని.

కొడుకు బ్లెస్సన్‌కు ఏడాదిన్నర. నాచారం చర్చిలో వాడంటే అందరికీ ముద్దు. ఆరాధన మొదలైతే చాలు, ఒకరి ఒళ్లోంచి ఒకరి ఒళ్లోకి ముందు వరసదాకా పోతడు. మిగతా పిల్లలు అమ్మ కోసం గుక్కపట్టి ఏడుస్తుంటే, వీడు ఫ్యాను చూసుకుంట కూసుంటడు.

"మస్తు బుద్ధిమంతుడమ్మా. కంటే గిసొంటోన్ని కనాలె," అన్నది పాస్టరమ్మ.

ఒక ఆదివారం రూతు వాన్ని ఆమె ఒళ్లో పెట్టి, చెప్పులు విడిచే కాడికి పోయి కిటికీలోంచి చూసింది. పాటలయినయి. వాక్యం మొదలైంది. అమ్మ ఏదని వాడు ఒక్కసారి గూడ చూడలే. పాణం ఆగక "బ్లెస్సన్!" అని పిలిచింది. చర్చంత తిరిగింది. పాస్టరు గూడ ఆగిండు. వాడు తిరగలే.

ఇంటికొచ్చి సంగతి చెప్తే, అత్త వాని ఎనక చిప్స్ ప్యాకెట్ చప్పుడు చేసింది. వాడు టక్కున తిరిగిండు.

"సూసినవా? చెవులు మంచిగున్నయ్. మీ మామకు నాలుగేండ్లకు మాటలొచ్చినయ్. ఇప్పుడు ఆపుమను సూద్దాం."

మామ అప్పుడు గూడ ఏదో మాట్లాడుతనే ఉన్నడు.

రూతుకు తొమ్మిదో తరగతిల బడి బందయింది. అయినా ప్యాకెట్‌కూ అమ్మకూ తేడా తెలుసు. మర్నాడు వాన్ని చంకనేసుకొని ఉప్పల్‌ల దవాఖానకు పోయింది.

డాక్టరమ్మ "అదిగో కుక్కపిల్ల!" అని గోడ మీది బొమ్మకు వేలు చూపింది. వాడు వేలునే చూసిండు.

"ఏదన్న కావాలంటే ఎట్ల అడుగుతడు?"

"నా చెయ్యి పట్టుకపోయి బిస్కెట్ల డబ్బ మీద పెడ్తడు మేడం."

"అప్పుడు నీ మొఖం చూస్తడా?"

"చెయ్యినే చూస్తడు. గరిటె పట్టుకున్నట్టు పట్టుకుంటడు."

ఆటిజం లక్షణాలు కావచ్చన్నది డాక్టరమ్మ. ఖాయం చేయనీకి ఇంకా పరీక్షలున్నయిగని, అందాక ఆగకుండ ఇంట్ల ఆటలతో నేర్పుడు మొదలుపెట్టుమన్నది. "నువ్వు చేసిన తప్పేం లేదు. జల్ది తెచ్చినవ్."

ఇప్పుడు రూతు రోజూ బిస్కెట్‌ను కండ్ల కాడ పట్టుకొని పేరు పెట్టి పిలుస్తది. వాడు బిస్కెట్‌ను చూస్తడు. నిన్న బిస్కెట్ పక్కనున్న కన్నును గూడ చూసిండు. జరసేపే. రూతు ఇంకో బిస్కెట్ ఇచ్చింది.

చర్చిలో ఇప్పుడు ఇంకో తల్లి, కమలకుమారి, చిన్నబిడ్డ గట్లనే ముందు వరసదాకా పోతున్నది. ఎవరి ఒళ్లోనన్న కూసుంటది, ఏడ్వదు. పాస్టరమ్మ మస్తు మెచ్చుకుంటున్నది. "ఒక్కసారి డాక్టరమ్మకు చూపియ్యరాదక్కా," అన్నది రూతు కమలకుమారితోని.

"నీ కొడుక్కున్నదని అందరి పిల్లలకు అంటగడ్తవా?" అన్నది కమలకుమారి. అప్పటిసంది మాటల్లేవు.

ఆ పిల్లకు ఏం లేకపోవచ్చు గూడ. ఆదివారం మీరు అటు పోతే, జర ఎనకనుంచి పిలిచి చూడుండ్రి. పేరు కృప. చేతిలో ప్యాకెట్ మాత్రం పట్టుకపోవద్దు.