గాలికి రాలిన అకీ

టోపీ గురించి ఒక్క మాటైనా అనలేదే, ఊదారంగు శాటిను, పక్కన రెండు ఈకలు, కళ్ళు లాగేలా కూర్చుని కుట్టుకున్నాను, బఫ్ బేలో బస్సు దిగగానే టాక్సీవాడు కూడా అబ్బో మిస్ ఐసీ, ఇవాళ చర్చిలో పాస్టర్ మాట ఎవరు వింటారండీ అన్నాడు, ఈ మహాతల్లి పాన్సీ మాత్రం నా మొహంలోకి చూడను కూడా చూడకుండా, నా తలకు జానెడు పైన గోడను చూస్తూ రండి రండి కూర్చోండి అంది, గోడ మీద ఏముందని, పాత క్యాలెండరు, అంటే కాబోయే వియ్యపురాలి కంటే క్యాలెండరే నయమన్నమాట, సరేలే, రోడ్డు మీద సొంత హోటలు, రేకుల కప్పు కింద ఫ్యాను, బల్లల మీద పూల గుడ్డలు, ఆమెకు టెక్కు ఉండదా మరి, నేనేమో పక్క ఊళ్ళో జనం చిరుగులు కుట్టిపెట్టేదాన్ని, అనుకుంటుండగానే ఓరెట్ బల్ల కింద నా కాలు తొక్కాడు, నా కొడుకే, నా మొహం మాడితే వాడికి చటుక్కున తెలిసిపోతుంది, దారిలో బస్సులో ఎంత బతిమాలాడు, మమ్మా, ఒక్క పూట, వాళ్ళేం పెడితే అది తిను, ఏమీ అనకు, నువ్వు ప్లేటు పక్కకు తోశావంటే జోడియన్ వాళ్ళమ్మ ఈ పెళ్ళికి ఒప్పుకోదు, నీ సంగతి ఆమెకూ తెలుసు, ఒక్క పూట మమ్మా, సరే అన్నాను, మాటిచ్చాను, బస్సులో కూర్చుని మాటివ్వడం తేలికే.

నా సంగతి అంటే ఊరంతా చెప్పుకునేదే, ఐసిల్డా ఎవరి చేతి కూడూ తినదు, పెళ్ళిళ్ళకు వెళ్తే చేతిసంచీలో ఉడకేసిన అరటికాయ పట్టుకెళ్తుంది, చావింట్లో తొమ్మిదో రాత్రి జాగారంలో కాఫీ చుక్క కూడా ముట్టదు, నవ్వుకుంటారు, నవ్వుకోనీ, లింటన్ పోయిన రాత్రి వాళ్ళెవరూ మా ఇంట్లో లేరు, నా తమ్ముడు లింటన్, పక్కింటావిడ ముద్దుచేసి పెట్టింది తిని వచ్చాడు, దీపాలు పెట్టే వేళకు వాంతులు, తెల్లారకముందే ఒళ్ళు చల్లబడిపోయింది, ఆవిడ మంత్రగాడి దగ్గరకు వెళ్ళొచ్చి మందు పెట్టింది అని అమ్మ, కాదమ్మా, అది పచ్చి అకీ, కాయ చెట్టు మీద తనంత తాను విచ్చుకోకముందే కోసి వండారు, అది విషం అని నర్సు, అమ్మ వినలేదు, ఐసీ, మన కుండ తప్ప ఇంకో కుండ నమ్మకు అంది, నేను సగం నర్సుని నమ్మాను, సగం అమ్మని నమ్మాను, ఎవరిని నమ్మితే ఏం, మందైనా పచ్చి అకీ అయినా పోయేది ప్రాణమే కదా, అమ్మ ఈ పాన్సీ వాళ్ళ నాయనమ్మ గురించి కూడా అనేది, గుమ్మం కింద మంత్రించిన సీసా పాతిపెట్టిందని, ఇందాక ఆ గుమ్మం దాటే వచ్చాను.

అల్లం నీళ్ళు తెచ్చింది పాన్సీ, కూతురు పోయబోతే నువ్వుండవే, నా చుట్టాలకు నేనే పోస్తా అని జగ్గు లాక్కుంది, లాక్కుని, ప్రభువా, గ్లాసులో వేలు పెట్టింది, అంచు లోపలికి చూపుడువేలు దించి, నీళ్ళు వేలికి తగిలేదాకా పోసింది, నా గ్లాసులో, నా కళ్ళ ముందే, అల్లం ఘాటు సరిపోయిందా మిస్ ఐసీ అని క్యాలెండరుని అడిగింది, సరిపోయింది, నీ వేలి ఘాటు కూడా కలిసిందిగా అని నాలుక చివరిదాకా వచ్చింది, ఓరెట్ కాలు నా కాలి మీదే ఉంది, మాటతో పాటు నీళ్ళూ మింగాను, పక్క బల్ల మీద మాస్ కెల్లీ, కొబ్బరిపాల చేపలో డంప్లింగ్ పిండిముద్ద ముంచుకు తింటున్న ముసలాడు, ఏం ఐసీ, ఇవాళ అరటికాయ సంచీ మర్చిపోయావా అన్నాడు, అందరూ ఒకటే నవ్వు, వెనక మూల కూర్చున్న పిల్లాపాపల తల్లి కూడా, నోరు మూసుకుని నీ చేప తిను మాస్ కెల్లీ, మా ఇంటి కూడు తిందామని వచ్చిందావిడ అని గదిమింది పాన్సీ, గదమడం బాగానే ఉంది, కానీ జోడియన్ ఎందుకలా బిగుసుకుపోయి ఉంది, ఊపిరి పీల్చకుండా తల్లి చేతుల్నే చూస్తోంది, తల్లి నడిచే దారిలో ఉన్న కుర్చీని ఎవరూ చూడకుండా కాలితో పక్కకు జరిపింది, నేను చూశాను, బట్టలో ముడత ఎక్కడుందో నా కంటికి కనిపించినట్టే ఇదీ కనిపిస్తుంది, తల్లీకూతుళ్ళిద్దరూ ఏదో దాస్తున్నారు, ఏం కలిపారు ఆ నీళ్ళలో, ఐసీ, ఐసీ, ఊరుకో, అంతలో పాన్సీ నా భుజం వెతుక్కుని వంగి, చెవి దగ్గర మెల్లిగా, మీకోసం అకీ వండాను, పెరటి చెట్టుదే, ఇంకెవరికీ పెట్టలేదు, నా చేత్తో ఏరి నా చేత్తో ఒలిచాను అంది.

చేతులు కడుక్కొస్తానని పెరట్లోకి వెళ్ళాను, రాత్రి పెద్ద గాలి వీచింది, కుళాయి చుట్టూ ఆకులు, విరిగిన కొమ్మలు, పక్కన బకెట్లో అకీ తొక్కలు, చూడకూడదు అనుకుంటూనే చూశాను, చెట్టు మీద విచ్చుకున్న కాయైతే తొక్క మూడు రెక్కలుగా వెనక్కి వాలుతుంది, కొన్ని అలాగే ఉన్నాయి, మిగతావి ముడుచుకునే ఉన్నాయి, అంచుల్లో కత్తిగాటు, నల్లగా నిగనిగలాడాల్సిన గింజలు పాలిపోయి ఉన్నాయి, గాలికి రాలినవి, విచ్చుకోకుండానే రాలినవి ఏరుకొచ్చి కత్తితో చీల్చారు, ఈ దీవిలో పుట్టిన మనిషి చేసే పనేనా, పాలుతాగే పిల్లకు కూడా ముందు చెప్పేది ఇదే కదా, లేదు, నేనే పొరబడ్డానేమో, నువ్వు భయపడిందే నీకు కనిపిస్తుంది మమ్మా అంటాడు ఓరెట్, వాడి మొహం చూశారా ఇవాళ, ఇస్త్రీ చొక్కా, రెండేళ్ళుగా ఆ పిల్ల పేరు తప్ప ఇంకో పేరు లేదు వాడి నోట, ఇప్పుడు నేను లోపలికి వెళ్ళి ఈ ఇంటి కూడు తినను అంటే, దానర్థం ఈ దేశంలో ఒక్కటే, నువ్వు నాకు మందు పెట్టావు అని, అలా అన్నాక ఏ తల్లి పిల్లనిస్తుంది, లింటన్ చేతులు ఎంత చల్లగా ఉండేవో, కుళాయి కట్టేసి లోపలికి వెళ్ళాను.

గిన్నె వచ్చేసింది, పసుపుపచ్చటి అకీ, ఉప్పు చేప, ఉల్లిపాయ, టొమాటో, కారం మిరప, వాసనకు నోరూరింది, దిక్కుమాలిన నోరు, ఓరెట్ ప్లేటులో నిండుగా పడింది, నా ప్లేటులో ఇంకా నిండుగా, పాన్సీ గరిటె కొసతో ప్లేటు అంచు తడుముకుని మరీ వడ్డించింది, నేను ఫోర్కుతో ఒక ముక్క తిప్పాను, ఎర్రగా సన్నగా ఏదో, టొమాటో తొక్కేమో, మిరప చీలికేమో, దగ్గరకు తీసి చూశాను, దారాలతో బతికేదాన్ని, ఏది తొక్కో ఏది పోగో నాకొకరు చెప్పాలా, గింజ ఊడిన చోట అంటుకుని ఉండే పీచు, తీసి పారెయ్యాల్సిన విషపు పీచు, దాని పక్క ముక్క చిన్నగా, గట్టిగా, ఆకుపచ్చ ఛాయతో, ఉడికినా ఉడకనట్టు, ఓరెట్ ఫోర్కు ఎత్తాడు, వాడి తొడ మీద గట్టిగా గిల్లాను, మమ్మా మాటిచ్చావు అని పళ్ళ సందునుంచి అన్నాడు, ప్రార్థన, ప్రార్థన చెయ్యకుండా తింటారా, మనం ఏమన్నా పశువులమా అన్నాను, అందరూ ఫోర్కులు దించారు, నేనే మొదలుపెట్టాను, ప్రభువా ఈ అన్నం కోసం, ఈ ఇంటి కోసం, సముద్రం మీద ఉన్నవాళ్ళ కోసం, జైల్లో ఉన్నవాళ్ళ కోసం, తుఫానులు దారి మళ్ళించమని, రోడ్లు బాగుచేయించమని, తండ్రీ ఏం చెయ్యను, చెబితే నా కొడుకు కాపురం పుట్టకుండానే పోతుంది, చెప్పకపోతే నా కొడుకే పోతాడు, ఆమెన్ అనమ్మా తల్లీ, చేప చల్లారిపోతోంది అని మాస్ కెల్లీ, ఇంకా నాలుగు ముక్కలు పొడిగించి ఒక కన్ను తెరిచి పాన్సీని చూశాను.

ఎదురుగా కూర్చుని ఉంది, తనకూ వడ్డించుకుంది, అదే గిన్నెలోంచి, తన ప్లేటులోనూ ఎర్ర పీచులే, ఒకటి కాదు, ఎన్నో, పట్టపగలు బల్ల మీద వెలుతురులో మెరుస్తున్నాయి, మందు పెట్టేది తను తింటుందా, పగ ఉన్నది తన ప్లేటులో వేసుకుంటుందా, ఆమె కళ్ళు తెరిచే ఉన్నాయి, క్యాలెండరు మీదే ఉన్నాయి, వేళ్ళు మాత్రం బల్లగుడ్డ మీద మెల్లిగా పాక్కుంటూ పోయి ఫోర్కుని వెతికాయి, తగలగానే ఆగాయి, అమ్మయ్య అన్నట్టు, టెక్కు కాదు, గ్లాసులో వేలు పొగరు కాదు, ఏరిందీ ఒలిచిందీ చేత్తోనే, ఒట్టి చేత్తోనే, అయ్యో పాన్సీ, నీకు కనిపించడం లేదు, ఎన్నాళ్ళయిందో ఏమో కనిపించడం లేదు, ఎవరికీ చెప్పకుండా ఈ బల్లల మధ్య లెక్కగా నడుస్తూ ఊరికి కూడు పెడుతున్నావు, ఆమెన్ అన్నారు ఎవరో, పాన్సీ ఫోర్కు లేచింది, పాన్సీ నోట్లో పెట్టకు, ఓరెట్ వద్దు, ఎవరూ తినకండి, అది నా గొంతే, కేక.

నేను చెప్పలా అన్నాడు మాస్ కెల్లీ, ఓరెట్ లేచి నిలబడ్డాడు, మమ్మా, ఏం పని ఇది మమ్మా, వాడి కళ్ళలో నీళ్ళు, పాన్సీ మొహం రాయిలా అయిపోయింది, నా చెయ్యి విషమా, నా హోటల్లో, నా బల్ల దగ్గర కూర్చుని, ఏమనుకున్నావు నన్ను, నా నాలుక మీద ఒకే ఒక్క వాక్యం ఉంది, నీకు కళ్ళు కనిపించవు, అంటే చాలు, నేను గెలుస్తాను, రేపటినుంచి ఈ బల్లల దగ్గర ఎవరూ కూర్చోరు, ఇంత మంది ముందు ఒక ఆడమనిషి బతుకు తెల్లారిపోతుంది, అనలేకపోయాను, జోడియన్ వంగి ప్లేటు చూసింది, రంగు పోయింది మొహంలో, తల్లిని చూసింది, నన్ను చూసింది, నాకు తెలిసిపోయిందని దానికి తెలిసింది, అకీ నేనే ఒలిచాను మిస్ ఐసీ అంది, అందరికీ వినపడేలా, అమ్మ పడుకుని ఉంటే నేనే ఏరాను, రాత్రి గాలికి రాలినవి, చూసుకోలేదు, తప్పు నాదే, అబద్ధం, తల్లి నా చెవిలో చెప్పిన మాట ఈ పిల్ల వినలేదు, కాబోయే అత్త ముందు, మొగుడు కాబోయేవాడి ముందు, ఊరి ముందు, అకీ ఒలవడం కూడా రాని పిల్లనని నెత్తిన వేసుకుంది, అంతకంటే సిగ్గుచేటు ఈ దేశంలో ఆడపిల్లకు ఏముంటుంది, దాని మీదే అరిచాను, ఏమే, బుద్ధుందా నీకు, గాడిదలా ఎదిగావు, గాలికి రాలిన కాయ కుండలో వేస్తారా ఎవరైనా, మనుషుల్ని చంపుదామనుకున్నావా, నిలబడి చూస్తావేం, తియ్యి ఆ ప్లేట్లు, గిన్నెతో సహా తీసుకెళ్ళి గొయ్యి తీసి పాతిపెట్టు, తొక్కలు కోళ్ళు ముట్టకుండా చూడు, ఇంక ఇవాళ్టి నుంచి కొయ్యడం, ఒలవడం నువ్వే చెయ్యాలి, మిట్టమధ్యాహ్నం వెలుతురులో, ఒక్కొక్క పాయ చూసి, మీ అమ్మ చేత ముట్టించావంటే ఊరుకోను, ఆవిడ ఇంతకాలం చేసింది చాలు, వింటున్నావా, వింటున్నానండీ అంది పిల్ల, కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి, ఆ నీళ్ళలోంచే నా వంక ఎలా చూసిందో నేను ఎవరికీ చెప్పలేను, ఈ కాలం పిల్లలింతే అని మాస్ కెల్లీ మళ్ళీ చేప మీద పడ్డాడు, ప్లేట్లు వెళ్ళిపోయాయి, ఓరెట్ మెల్లిగా కూర్చున్నాడు.

పాన్సీ మాత్రం రెండు చేతులూ బల్ల మీద బోర్లా పెట్టుకుని వింది అంతా, కూతురి అబద్ధం వింది, నా తిట్లు వింది, ఆమెకు అర్థం కాకపోవడమేమిటి, తన కళ్ళ సంగతి కూతురికి ఎప్పుడో తెలుసని ఇప్పుడే తెలిసింది పాపం, గడ్డం పైకెత్తి, నా గొంతు వచ్చిన వైపు సరిగ్గా తిరిగి, నా ఇంట్లో, నా ముందే, నా పిల్లని అంతేసి మాటలనడానికి నువ్వెవరివే ఐసిల్డా అంది, గొంతు గట్టిదే, చివర కొంచెం పగిలింది, నిజమే, నేనెవర్ని, పరాయివాళ్ళ దగ్గర నేను పెదవి విప్పను కదా, కడుపు నిండా అనుమానం పెట్టుకుని మర్యాదగా ప్లేటు పక్కకు జరిపి వచ్చేస్తాను, జన్మంతా చేసింది అదే, నోరారా తిట్టింది ఒక్క ఓరెట్‌నే, జ్వరంలో వానలోకి వెళ్ళినప్పుడు, చెట్టుమీంచి పడినప్పుడు, పోతాడేమో అని భయపడ్డప్పుడు, పరాయి పిల్లని ఎవరైనా ఇలా తిడతారా, ఎవర్నేమిటి పాన్సీ, దాని అత్తని.