పోటు మీద వచ్చినవాళ్ళు

ఆ తీరంలో మొట్టమొదట గుడిసె వేసింది ఆ జాలరిపల్లె వాళ్ళ పూర్వీకులేనని చుట్టుపక్కల అందరూ ఒప్పుకుంటారు. ఒప్పుకోనిది సముద్రం ఒక్కటే. ఏటేటా లోపలికి జరుగుతూ మొదట శ్మశానాన్ని, తర్వాత ముందు వరుస ఇళ్ళను మింగింది. బావుల్లో నీళ్ళు ఉప్పు తేలాయి. చివరికి ప్రభుత్వం అక్కడ సముద్రంలో కలిసే ఏటికి బాగా ఎగువన, ఒక పట్నం పక్కన ఇళ్ళు కట్టించి, లారీలు పంపుతామంది.

ఊరికి పెద్ద అయిన పెద్దాయన సరేనన్నాడు. పడవలు లారీల్లో పట్టవు, ఇక్కడే వదిలేయండి అంటే దానికీ తలూపాడు. చేపలు తగ్గిపోయాక వయసులో ఉన్న మగవాళ్ళంతా దూరపు ఓడరేవుల్లో కూలికి పోయారు. ఇక పడవలు నడిపేదెవరు?

ఆయన పెద్దకోడలికి అది మింగుడుపడలేదు. వలలు బాగుచేయడంలో ఆమెది చెయ్యి తిరిగిన పని. పట్టుకున్న చిక్కును విప్పేదాకా వదలదు. ఆ రోజు మామగారికి అన్నం వడ్డిస్తూ నిదానంగా అడిగింది.

"లారీల్లో దిగితే మనల్ని ఏమంటారు మామయ్యా?"

"కొంపలు మునిగి వచ్చినవాళ్ళంటారు. అబద్ధమా?"

"పడవల్లో దిగితే?"

కంచంలో ఆయన చెయ్యి ఆగింది. "తెడ్లు ఎవరు వేస్తారు?"

"మేం వేస్తాం."

ఆడవాళ్ళు తెడ్డు పట్టడం ఆ ఊళ్ళో ఎవరూ చూడలేదు. సముద్రం మింగింది చాలదా అని పెద్దాయన కసిరి లేచిపోయాడు. కానీ వద్దని మాత్రం అనలేదు. కోడలికి ఆ మాత్రం సందు చాలు.

మర్నాటికి రేవు ఆడవాళ్ళతో నిండిపోయింది. పడవలు బోర్లించి, పగుళ్ళలో పీచు కూరి, కాచిన తారు పూశారు. మొదటిసారి తెడ్లు వేసినప్పుడు పడవ గానుగెద్దులా ఉన్నచోటే తిరిగింది. గట్టు మీది ముసలమ్మలు పడి పడి నవ్వారు. నవ్వి నవ్వి, వాళ్ళలో ఇద్దరు కొంగులు బిగించి తామూ దిగారు. పెద్దాయన రోజూ దూరం నుంచి చూసి పోయేవాడు. ఒక సాయంత్రం ఇక ఉండబట్టలేక మోకాళ్ళ లోతు నీళ్ళలోకి వచ్చి కోడలి చేతిలో తెడ్డు అందుకున్నాడు.

"భుజంతో కాదమ్మా. నడుముతో వెయ్యాలి."

అప్పటి నుంచి వాళ్ళకి ఆయనే గురువు.

లారీలతో వచ్చిన అధికారి ప్రమాదమంటూ చాలాసేపు నచ్చజెప్పాడు. పెద్దాయన అంతా విని, "మంచాలూ గిన్నెలూ మీరు తీసుకెళ్ళండి బాబూ. మనుషులం మేం వస్తాం," అన్నాడు.

పోటు ఎక్కగానే పడవలు వరసగా ఏటి మొగలోకి తిరిగాయి. ఇళ్ళు మింగిన సముద్రమే వెనక నుంచి తోస్తోంది. వెనక్కి తిరిగి చూడనివాళ్ళు లేరు. కళ్ళు తుడుచుకోవడానికి మాత్రం ఎవరూ తెడ్డు వదల్లేదు.

పట్నం వంతెన కింద నీళ్ళు సుడి తిరుగుతున్నాయి. నిరాశ్రయులను చూడాలని వంతెన మీద జనం గుమిగూడారు. కొందరి చేతుల్లో పాతబట్టల మూటలున్నాయి. ముందు పడవలో పెద్దకోడలు చుక్కాని పట్టింది. పెద్దాయన మధ్యలో నిలబడి "నడుము, నడుము" అంటూ తాళం వేస్తున్నాడు. స్తంభాల మధ్య నుంచి ఒక్కో పడవే బాణంలా దూసుకొచ్చింది. చివరి పడవ దాటేదాకా వంతెన మీద ఎవరూ కదల్లేదు.

మూటలు తెచ్చినవాళ్ళు వాటిని ఎలా ఇవ్వాలో తెలియక వెనక్కి దాచుకున్నారు. ఒకామె మాత్రం గట్టు దిగి వచ్చి, చేపలు ఎప్పుడమ్ముతారని అడిగింది.

"రేపు ఇల్లు సర్దుకోవాలి," అంది పెద్దకోడలు. "ఎల్లుండి రండమ్మా."

సాయంత్రం ఓడరేవు నుంచి పెద్దకొడుకు ఫోన్ చేశాడు. పడవలు పోయినట్టేనా అని దిగులుగా అడిగాడు. అన్నీ వచ్చాయన్నాడు పెద్దాయన.

"ఎవరు తెచ్చారు నాన్నా?"

"నీ భార్యనే అడుగు."

ఆమె అరచేతుల నిండా బొబ్బలు. ఫోన్ పట్టుకోలేకపోయింది. పెద్దాయనే దాన్ని కోడలి చెవి దగ్గర పెట్టి, ఆమె మాట్లాడినంతసేపూ అలాగే పట్టుకుని నిలబడ్డాడు.