గుడ్డ కింద అత్త

ఇంటిల్లిపాది ఫొటో కోసం స్టూడియోవాళ్ళు వాట్సాప్‌లో పంపిన సూచనలు ఇంట్లో అఖిల తప్ప ఎవరూ చదవలేదు. చదివి ఊరుకోలేదు, ఇల్లంతటినీ వాటి ప్రకారమే నడిపించింది. అందరూ ఒకే రంగు బట్టల్లో రావాలన్నారు, బోధన్ బజారుకు పోయి చిలకాకుపచ్చలో వెతికి వెతికి కొనుక్కొచ్చింది. పిల్లవాడిని నిద్ర తీరాక, కడుపు నింపి తీసుకురమ్మన్నారు, అదీ చేసింది. అలవాటైన బొమ్మ ఉంటే మంచిదన్నారు, చెవి తెగిన కుందేలును సంచిలో వేసుకుంది. అదే రంగులో తనకూ ఒక చీర తీసుకుంది. అన్న భానుప్రసాద్ మాట ఇచ్చాడు మరి.

"ఇంటోళ్ళది అయినంక నువ్వూ పిల్లగాడూ ఒకటి దిగుండ్రి. నేను జెప్త తియ్."

ఆ పిల్లవాడు, కృష్ణ, ఆమె కన్నకొడుకు. భర్త పోయేనాటికి అఖిలకు ఆరో నెల. అన్నావదినలకు పెళ్ళయి ఏళ్ళు గడిచినా సంతానం లేదు. తల్లి రేణుకమ్మ ఎంత చక్కగా కుదిర్చిందో చూడండి: బిడ్డకు తండ్రి పేరు, అఖిలకు తలదాచుకోవడానికి చోటు. తొట్టెల వేడుక నాడే పిల్లవాడిని వదిన సంజన ఒళ్ళో పెట్టారు. ఆనాటినుంచి అఖిల వాడికి అత్త. పాలిచ్చేటప్పుడు కూడా అత్తే. ఏడాదిన్నర గడిచినా తల్లీకొడుకులు కలిసి ఉన్న ఫొటో ఒక్కటీ లేదు. ఎవరైనా ఫోన్ ఎత్తితే చాలు, సంజన వచ్చి పిల్లవాడిని అందుకునేది.

కంఠేశ్వర్‌లోని స్టూడియోకు చెప్పిన వేళకే చేరారు. భానుప్రసాద్, సంజన, రేణుకమ్మ సోఫాలో సర్దుకున్నారు. కృష్ణను సంజన ఒళ్ళో పెట్టగానే వాడు ఏడుపు లంకించుకున్నాడు. కుందేలు చూపించారు, చిటికెలు వేశారు, ఫొటోగ్రాఫర్ రామ్‌దాస్ పిల్లిలా అరిచాడు. వాడు మాత్రం కెమెరా పక్కన నిలబడ్డ అఖిల వైపే చేతులు చాచాడు. సంజన ముఖం మాడిపోయింది.

"నా దగ్గర ఉపాయం ఉన్నదక్కా" అన్నాడు రామ్‌దాస్. "పాస్‌పోర్టు ఫొటోకు చంటిపిల్లల్ని గిట్లనే కూసోపెడ్తం. అత్త మీద గుడ్డ కప్పుదాం, పిల్లగాణ్ణి ఆమె ఒళ్ళ కూసోపెడ్దాం. ఫొటోల కుర్సీ లెక్క కనవడ్తది."

అఖిలను ఎవరూ అడగలేదు. సోఫా మధ్యలో కూర్చోబెట్టి, బూడిదరంగు గుడ్డ తలమీదుగా కప్పేశారు. ఎవరెవరి చెమటో వాసన కొట్టింది. గుడ్డ కిందినుంచే రెండు చేతులూ చాచి కొడుకు నడుము పట్టుకుంది. వాడు టక్కున ఏడుపు ఆపాడు.

"జర ఎన్కకు జరుగు. నా చెయ్యి వాని భుజం మీద మంచిగ వడాలె" అంది సంజన.

"కదలకే అఖిలా! కుర్సీలు గూడ కదుల్తయా?" అంది రేణుకమ్మ. అందరూ పడీ పడీ నవ్వారు. తనను కన్న తల్లి ఆడిన ఆ పరాచికానికి గుడ్డ కింద అఖిలకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తుడుచుకుందామంటే చేతులు ఖాళీ లేవు.

అప్పుడే కృష్ణ పక్కకు వంగి గుడ్డ అంచు ఎత్తి లోపలికి చూశాడు. ఆమె ముఖం కనబడగానే కిలకిలా నవ్వాడు. నవ్వుతూనే కెమెరా వైపు తల ఎత్తాడు. ఫ్లాష్ వెలిగింది.

"బంగారమసొంటి ఫొటో వచ్చింది!" అన్నాడు రామ్‌దాస్.

అఖిల గుడ్డ తీసేసి, రేగిన జుట్టు సర్దుకుంది, చీర కుచ్చిళ్ళు సరిచేసుకుంది. "అన్నా, ఇగ మాది..." అంది.

భానుప్రసాద్ అప్పటికే చెప్పులు వేసుకుంటున్నాడు. "ఇంకోటి ఎందుకే? గీ ఫొటోల నువ్వు ఉన్నవ్ గదా" అన్నాడు.

ఫ్రేము ఇంటికి వచ్చే ముందు సంజన ఒక్క దిద్దుబాటు చేయించింది. పిల్లవాడి నడుము దగ్గర రెండు వేళ్ళు బయటికి కనబడుతున్నాయని రామ్‌దాస్‌కు ఫోన్ చేసి తీసేయించింది. ఫొటోను ముందుగదిలో, తలుపు తీయగానే కనబడేట్టు తగిలించారు.

చూడవచ్చిన పక్కింటామె మురిసిపోయింది. "ఎంత మంచిగ కూసున్నడే ఒక్కడే!"

"మావోడు గట్లనే. ఎవ్వల ఆసరా అక్కర్లేదు" అంది సంజన.

పక్కింటామె కృష్ణను ఎత్తుకుని ఫొటో దగ్గరికి తీసుకెళ్ళింది. "గీ ఫొటోల అమ్మ ఏదిరా?"

కృష్ణ వేలు చాచి, ఫొటోలో తన కాళ్ళ కింద ఉన్న బూడిదరంగు గుడ్డ మీద పెట్టాడు.

టీ కప్పులతో వచ్చిన అఖిల గడపలోనే ఆగిపోయింది. సంజన లేచి వెళ్ళి, ఆ చిట్టివేలు పట్టుకుని, గుడ్డ మీదినుంచి ఎత్తి ఫొటోలోని తన ముఖం మీద పెట్టింది. "అమ్మ గిదిగో" అని, "ఇప్పుడు జెప్పు, అమ్మ ఏది?" అని మళ్ళీ అడిగింది.

రెండోసారి పిల్లవాడు సరిగ్గానే చూపించాడు. అందరూ చప్పట్లు కొట్టారు. రేణుకమ్మ కూతురి వైపు గుడ్లురిమి చూసింది. అఖిల కప్పులు కింద పెట్టి, తనూ చప్పట్లు కొట్టింది.